తాళం ఉంది, వెనక గోడ లేదు: రష్యాలో ఖాళీ అయిన పల్లెకు వెళ్లొచ్చిన నా అనుభవం

ఊరి పేరు మాత్రం అడక్కండి. త్వేర్ ప్రాంతం, మక్సాతిఖా జిల్లా, మొలోగా నది వైపు అన్నంత వరకే చెప్తాను. పేరు ఎందుకు దాస్తున్నానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా. త్వేర్‌లో మెడిసిన్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు చేసే మొదటి పని వోల్గా ఒడ్డున అఫనాసీ నికీతిన్ విగ్రహం దగ్గర ఫొటో దిగడం. ఆయన ఈ ఊరి వ్యాపారి. 15వ శతాబ్దంలో బీదర్ దాకా వచ్చి, చూసిందంతా రాసి పెట్టాడు. ఆయన అప్పట్లోనే మా జహీరాబాద్ పక్కదాకా వచ్చి వెళ్తే, నేను నాలుగేళ్లుగా ఇక్కడుండి ఒక్క రష్యన్ పల్లెలో కాలు పెట్టలేదు. హాస్టల్, ఆస్పత్రి, మాస్కో రైలు, అంతే. రైలు కిటికీలోంచి మాత్రం అప్పుడప్పుడు కనిపించేవి: భోజ వృక్షాల మధ్య వంగిపోయిన బూడిద రంగు చెక్క ఇళ్లు, ఒక్క పొగగొట్టంలోంచి కూడా పొగ రాని ఊళ్లు.

2023 నవంబర్‌లో జిమ్‌లో పరిచయమైన రష్యన్ మిత్రుడితో ఈ మాట అన్నాను. వాడు మా యూనివర్సిటీలోనే డెంటల్ చదువుతున్నాడు. "చూడ్డానికేముంది, మా బాబూష్కా ఊరు అలాంటిదే. ఎండాకాలం ముందు వెళ్దాం. కానీ నువ్వు ముందు టీకా వేయించుకో" అన్నాడు. బాబూష్కా అంటే నానమ్మయినా, అమ్మమ్మయినా. వీడికి అమ్మమ్మ.

టీకా ఎందుకంటే క్లేష్ కోసం. క్లేష్ అంటే మన గొడ్లకు పట్టే పిడుదు లాంటిదే, కాకపోతే ఇక్కడిది కుడితే మెదడువాపు రావచ్చు. రెండు డోసులు వేసుకోవాలి, మధ్యలో కనీసం నెల ఎడం ఉండాలి. అందుకే వసంతంలో అడవికి వెళ్లాలనుకునేవాళ్లు చలికాలంలోనే మొదలుపెడతారు. నేను నవంబర్ 20న ఒకటి, మార్చి 4న రెండోది వేయించుకున్నాను. ప్రైవేట్ క్లినిక్‌లో రెండూ కలిపి 3,900 రూబుళ్లు. ఆ రోజుల్లో రూబుల్ మన రూపాయి కంటే కాస్త తక్కువ, కాబట్టి లెక్క అటూ ఇటూగా రూపాయల్లోనే అనుకోండి. అప్పుడు కాస్త దండగ అనిపించింది. తర్వాత అనిపించలేదు.

చలికాలం సాయంత్రాలు మ్యాపులతో గడిచాయి. ఇది నాకు ఎవరూ చెప్పని విషయం: ఫోన్ మ్యాపులో మేం వెళ్లబోయే ఊరు లేనే లేదు. పచ్చటి మచ్చ, అంతే. మిత్రుడు సోవియట్ సైన్యం కోసం గీసిన పాత మ్యాపుల స్కాన్లు తీశాడు. వాటిలో ప్రతి పల్లె పేరు కింద చిన్న అంకె ఉంటుంది, అది గడపల సంఖ్య. మా ఊరి కింద 34 ఉంది. పక్క ఊరి పేరు ముందు మాత్రం 'ఉర్.' అని రెండక్షరాలు. ఉరోచిష్చె అన్న మాటకు పొట్టి రూపం. ఒకప్పుడు ఊరున్న చోటు, ఇప్పుడు పేరు మాత్రమే మిగిలిన చోటు అన్నమాట. మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామం అని రాస్తారే, దీపం లేని ఊరు, అలాంటిదే. ఆ మ్యాపు మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోతే అరచెయ్యంత జాగాలో ఆరు 'ఉర్.'లు దొరికాయి. 2010 జనాభా లెక్కల్లో రష్యా మొత్తం మీద లక్షా యాభై మూడు వేల పల్లెలుంటే, అందులో పంతొమ్మిది వేలకు పైగా ఊళ్లలో ఒక్క మనిషి కూడా లేడట. మా త్వేర్ ప్రాంతంలోనే అలాంటివి రెండు వేల పైన. ఆ అంకెలు విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ వేలి కింద ఆరు ఊళ్లు చూసినప్పుడు అనిపించింది.

మార్చి మూడో వారంలో బాబూష్కాను చూడ్డానికి వెళ్లాం. ఇక్కడ పెద్దవాళ్లను పేరూ, తండ్రి పేరూ కలిపి పిలవాలి. అదే 'గారు'. మెట్లెక్కుతూ నాలుగుసార్లు వల్లె వేసుకుని, తలుపు తీయగానే తప్పు పలికాను. ఆవిడ నవ్వి 'సినోక్' అంది. నాయనా అన్నట్టు. 78 ఏళ్లు, ఒక్కతే, ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు.

ఊరు ఎలా పోయింది అని అడగడానికి నేను మొహమాటపడుతుంటే ఆవిడే మొదలుపెట్టింది. ముందు బడి పోయింది. బడి పోతే పిల్లలున్నవాళ్లు పోయారు. తర్వాత ఫెల్డ్‌షెర్ పోయాడు. ఫెల్డ్‌షెర్ అంటే మన పీహెచ్‌సీలో డాక్టర్ లేనప్పుడు అన్నీ తానై చూసేవాడి లాంటివాడు. ఆ తర్వాత కొట్టు పోయింది, చివరికి బస్సు. 1970లలో పై నుంచి ఒక జాబితా వచ్చింది, దానిలో ఊళ్లను రెండు రకాలు చేశారు: భవిష్యత్తు ఉన్నవి, లేనివి. 'నెపెర్‌స్పెక్తీవ్నయా' అన్న మాట ఆవిడ అక్షరం అక్షరం విడదీసి పలికింది. ఎవరూ తరిమెయ్యలేదు, ఎవరూ ఇల్లు కూల్చలేదు. రోడ్డు మాత్రం వెయ్యలేదు. ఆవిడ అంతకు ముందే, పద్దెనిమిదేళ్లకే, ఇక్కడి నూలు మిల్లులో పనికొచ్చేసింది. అప్పట్లో త్వేర్ పేరు కాలీనిన్. వాళ్లమ్మకు మాత్రం 1970ల చివరిదాకా పాస్‌పోర్టు కూడా లేదట. ఇక్కడ పాస్‌పోర్టంటే దేశం లోపల ఊరు మారాలన్నా కావాల్సిన గుర్తింపు కాగితం. కల్హోజ్ (ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం) రైతులకు పాస్‌పోర్టులివ్వాలని 1974లో నిర్ణయిస్తే చేతికందడానికి మరికొన్నేళ్లు పట్టింది. పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి ఆ తల్లికి ఎటూ వెళ్లాలనే ఓపిక లేదు. 1998లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. కూతురితో రష్యన్‌లో, ఆవుతో కరేలియన్‌లో మాట్లాడేదట. వాళ్లు త్వేర్ కరేలియన్లు. 17వ శతాబ్దంలో స్వీడన్ చేతిలోకి పోయిన నేలను విడిచి ఇటు వచ్చినవాళ్ల సంతతి. 1926లో లక్షా నలభై వేలమంది ఉన్నవాళ్లు 2010 నాటికి ఏడు వేల పైచిలుకు. బాబూష్కాకు ఇప్పుడు ఆ భాషలో మాట్లాడ్డానికి మనిషి లేదు.

మేం అడుగుతున్నది ఊరు చూడ్డానికి వెళ్తామని. ఆవిడకు అర్థమైంది వేరు. "మంచిది. సమాధి కంచెకు రంగు వేసి రండి. రాదోనిత్స లోపల" అంది. రాదోనిత్స అంటే ఈస్టర్ తర్వాత తొమ్మిదో రోజు, పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లే రోజు. 2024లో అది మే 14. ఆ క్షణం నుంచి మాది టూరు కాకుండా పోయింది.

ఏప్రిల్ 13న మొదటిసారి బయల్దేరాం, మిత్రుడి మామయ్య కారులో. ఆ సంగతి తొందరగా చెప్పేస్తాను, తల్చుకుంటేనే చిరాకు. మంచు కరిగే కాలంలో ఇక్కడి మట్టిదారులు ఎలా ఉంటాయో ఒక మాట ఉంది: రస్‌పూతిత్స. నాట్లకు దమ్ము చేసిన మడిలో కారు నడపడం ఊహించుకోండి. ఊరు ఇంకా పన్నెండు కిలోమీటర్లుండగా చక్రాలు సగం దిగాయి. నాలుగు గంటలు ఎదురుచూశాక ట్రాక్టర్ వచ్చింది. 3,000 రూబుళ్లు, పైగా ఉపదేశం. సమాధి చూడకుండానే వెనక్కి. మామయ్య మళ్లీ కారు ఇవ్వనన్నాడు.

రెండోసారికి మే సెలవులు. హాస్టల్‌లో రాత్రి బయట ఉండాలంటే ముందే దరఖాస్తు పెట్టాలి. ఆఫీసులో మూడు రోజులు తిప్పారు. "పల్లెకు వెళ్తున్నాను" అని రాస్తే ఎవరూ లేని పల్లెలో నీకేం పని అన్నారు. సమాధికి రంగు వెయ్యడానికి అన్నాక ఇంకేం అడక్కుండా సంతకం పెట్టారు. విదేశీయులు పాస్‌పోర్టు, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒంటి మీదే ఉంచుకోండి. నన్ను దారిలో రెండుసార్లు అడిగారు.

ఆ వారం వాతావరణం చూసి గుండె జారింది. మే 8, 9 తేదీల్లో మాస్కోలో కూడా మంచు కురిసింది. విక్టరీ డే పరేడ్‌లో మంచు! కానీ దానివల్ల మాకు ఒక మేలు జరిగింది, గడ్డి లేవలేదు. ఇలాంటి ఊళ్లకు వెళ్లాలంటే మంచు కరిగి, బురద ఆరి, గడ్డి ఇంకా లేవని రెండు మూడు వారాలే సరైన అదను. జూన్ దాటితే దురదగొండి లాంటి మొక్కలు నిలువెత్తు లేస్తాయి. అడుగు కింద ఏముందో కనిపించదు.

మే 10 సాయంత్రం బాబూష్కా మాకు సామాను అప్పజెప్పింది. నీలం రంగు డబ్బా, రెండు బ్రష్‌లు, ఇనుప కుంచె, ఉల్లితొక్కల్లో ఉడకబెట్టి ఎర్రబడ్డ నాలుగు కోడిగుడ్లు, చాక్లెట్లు. చివరన తాడుకు కట్టిన ఇంటి తాళం చెవి. "పొయ్యి మాత్రం వెలిగించొద్దు. తాళం చెవి మళ్లీ తెచ్చివ్వాలి" అని రెండుసార్లు చెప్పింది.

మే 11, శనివారం. త్వేర్ నుంచి మక్సాతిఖాకు బస్సులో మూడు గంటల పైన. అక్కడ పాత నీవా జీపున్న ఒకతను చివరి ఊరిదాకా 1,500కు ఒప్పుకున్నాడు. చివరి ఊరంటే మనుషులున్న ఊళ్లలో చివరిది. చలికాలంలో ఐదు ఇళ్లలో, ఎండాకాలంలో పదిహేను ఇళ్లలో జనం ఉంటారట. వారానికి రెండుసార్లు వ్యాన్‌లో కొట్టు వస్తుంది, రొట్టె, ఉప్పు, సిగరెట్లు దాంట్లోనే. ఫోన్ సిగ్నల్ అక్కడితో సరి.

దిగి సంచులు తగిలించుకుంటుంటే ఒక ముసలాయన గొడ్డలితోనే ఎదురొచ్చాడు. చూపు మా సంచుల మీద. వాటిలో మెటల్ డిటెక్టర్ ఉందా అని. పాడుబడ్డ ఊళ్లకు వచ్చేవాళ్లలో సగం మంది దానికోసమేనట. పాత నాణేలు, శిలువలు తవ్వుకుపోతారు. 2013లో చట్టం కఠినం చేశాక కూడా ఆగలేదు. ఇళ్లలోంచి దేవుడి పటాలు, సమోవార్లు (టీకి నీళ్లు కాచే లోహపు పాత్రలు), చివరికి కరెంటు స్తంభాల మీది అల్యూమినియం తీగ కూడా పోయాయి. మిత్రుడు వాళ్ల బాబూష్కా ఇంటిపేరు చెప్పగానే గొడ్డలి కిందికి దిగింది. "ఆవిడ కూతురి కొడుకువా? మీ ముత్తవ్వ మా ఆవుకు పురుడు పోసింది" అన్నాడు. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఏ దేశం అని అడిగి, ఇండియా అనగానే ఒకే ప్రశ్న వేశాడు: "మీ పల్లెలో జనం ఉన్నారా?"

ఉన్నారు అన్నాను. నాన్న వాళ్ల ఊరి గురించైతే అది నిజమే. అమ్మమ్మ వాళ్ల ఊరి సంగతి చెప్పడానికి నా రష్యన్ చాలలేదు. అది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో ఖాళీ చేయించారు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు అమ్మమ్మ మమ్మల్ని తీసుకెళ్లి, ఎండి పగుళ్లిచ్చిన ఒండ్రులో నిలబడి "గిదే మనిల్లు" అనేది. మాకు మట్టి తప్ప ఏమీ కనిపించేది కాదు.

అక్కడి నుంచి ఆరు కిలోమీటర్ల నడక. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. దారి ఉన్నట్టే ఉండి మధ్యలో వాగైపోతుంది. మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు 1,400 పెట్టి కొన్నాను, అవి లేకపోతే మొదటి కిలోమీటరులోనే వెనక్కి వచ్చేవాణ్ని. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు భోజ వృక్షాలు, అన్నీ ఒకే వయసువి, ఒకే ఎత్తువి. సాగు ఎప్పుడు ఆగిందో ఆ ఎత్తును చూసి చెప్పొచ్చన్నాడు మిత్రుడు. వాటి అంచున పోయినేటి ఎండు కాడలు, రెండు మనుషుల ఎత్తువి, గొడుగుల్లా నిలబడి ఉన్నాయి. చెయ్యి పెట్టబోతుంటే వాడు అరిచాడు. అది బోర్షెవిక్. యుద్ధం తర్వాత పశువుల మేతకని కాకసస్ నుంచి తెచ్చి వేశారు. మేత పోయింది, పశువులు పోయాయి, ఇదొక్కటే మిగిలింది. పచ్చిగా ఉన్నప్పుడు రసం ఒంటికి తగిలి ఎండ సోకితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. అప్పుడప్పుడే కింద చిన్న ఆకులు విప్పుకుంటున్నాయి.

ఊరొచ్చిందని మొదట చెప్పింది కొంగ. తుప్పు పట్టిన ఇనుప నీళ్ల ట్యాంకు మీద గూడు, గూట్లో తెల్ల కొంగ నిలబడి ముక్కు టపటపలాడిస్తోంది. ఆ రోజు ఊరి జనాభా అదీ, దాని జోడూ.

ఖాళీ ఊరంటే నేననుకున్నది వేరు. సినిమాల్లోలా వరసగా ఇళ్లు, కిర్రుమనే తలుపులు. ఇక్కడ మ్యాపులో 34 గడపలుంటే కంటికి తొమ్మిది ఇళ్లే కనిపించాయి, వాటిలో కప్పు నిలిచినవి నాలుగు. మిగతావి ఏమయ్యాయి? కొన్ని కూలిపోయాయి. చాలావాటిని మాత్రం జనం దుంగలకు నంబర్లు వేసి విప్పుకుని, ట్రాక్టర్ల మీద తీసుకెళ్లి పెద్ద ఊళ్లలో మళ్లీ కట్టుకున్నారట. చెక్క ఇల్లు కదా, తరలించొచ్చు. ఇల్లు ఎక్కడుండేదో చెట్లను బట్టి చెప్పాలి. అడవి మధ్యలో ఆపిల్ చెట్టు, లైలాక్ పొద కనిపిస్తే అక్కడ గుమ్మం ఉండేదన్నమాట. మిత్రుడు ముళ్లకంపల వైపు చూపిస్తూ ఇది ఫలానావాళ్లది, ఇది కొట్టు, ఇది బడి అంటుంటే నాకు ఒండ్రులో నిలబడ్డ అమ్మమ్మ గుర్తొచ్చింది. వాడు కూడా ఆ ఇళ్లను చూసినవాడు కాదు. బాబూష్కా చెప్పగా విన్నవాడు.

నడిచేటప్పుడు చేతిలో కర్ర తప్పనిసరి. పాములకంటే బావులకు భయపడాలి. బావికి చుట్టూ కట్టిన దుంగలు కుళ్లి, పైన గడ్డి పరుచుకుని ఉంటుంది, అడుగు వేస్తే అంతే. ప్రతి అడుగూ ముందు కర్రతో పొడిచి వేశాం. ఒక బావికి మాత్రం ఏతాం అలాగే ఉంది. అచ్చం మన ఏతామే, నిట్ట రాట, అడ్డ దూలం. ఇక్కడ దాన్ని ఝురావ్ల్ అంటారు, అంటే కొంగలాంటి సారస పక్షి.

బాబూష్కా ఇల్లు వీధి చివర. కిటికీల చుట్టూ చెక్కిన చట్రాలు, వాటి మీద మాసిన నీలం. తలుపుకు తాళం ఉంది. చెవి పెట్టి తిప్పితే మొదటి ప్రయత్నానికే తెరుచుకుంది. ఎవరో నూనె వేసిన తాళంలా. లోపలికి రెండడుగులు వేసి, పశువుల కొట్టంలోకి వెళ్లే వెనక తలుపు తెరిస్తే ఎదురుగా అడవి. కొట్టమూ, ఇంటి వెనక గోడా పూర్తిగా కూలిపోయి ఉన్నాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మిత్రుడు నవ్వబోయి ఆగిపోయాడు. వాడి కళ్లలో నీళ్లు. నేను బయటికి వచ్చి కొంగను చూస్తూ నిలబడ్డాను.

లోపల ఎలా నడవాలో కూడా తెలుసుకోవాలి. నేల పలకల కింద దుంపలు దాచుకునే గొయ్యి ఉంటుంది. పలకల మీద మేకుల వరస ఎక్కడుందో చూసి, ఆ వరస మీదే అడుగు వెయ్యాలి, దాని కింద దూలం ఉంటుంది కాబట్టి. గది మధ్యలోకి వెళ్లకూడదు. గదిలో సగం పొయ్యే. ఇటుకలతో కట్టిన, పైన మనుషులు పడుకునేంత పెద్ద పొయ్యి. గోడ కాగితం ఊడిపోయిన చోట కింద పాత పేపర్లు, 1961వి, చదవగలిగేలా ఉన్నాయి. గోడకు లేత చతురస్రాలు ఐదు, ఫొటోలున్న చోట్లు. తూర్పు మూల దేవుడి పటాల అర ఖాళీ. బాబూష్కా తనతో తెచ్చుకుందేమో అనుకున్నా. కాదట, 2009లో దొంగలు ఎత్తుకెళ్లారు.

గూట్లో మాత్రం నాకోసమే అన్నట్టు ఒకటి దొరికింది. పసుప్పచ్చ అట్టపెట్టె, మీద ఏనుగు బొమ్మ, 'ఇందీస్కీ చాయ్' అని అచ్చు. సోవియట్ కాలంలో ఈ ఏనుగు టీ దొరికిందంటే పండగేనట, చుట్టాలొస్తేనే విప్పేవాళ్లు. పెట్టెలో టీ లేదు, దోస విత్తనాలున్నాయి. అస్సాం నుంచో, డార్జిలింగ్ నుంచో ఇక్కడికి వచ్చి విత్తనాల డబ్బాగా మిగిలింది. తీసుకుందామని చెయ్యి చాచాను, నిజం చెప్తున్నా. తర్వాత ఫొటో మాత్రం తీసుకుని మళ్లీ గూట్లోనే పెట్టాను. ఖాళీ ఊళ్లో వస్తువు ఎవరిదీ కాదనుకుంటాం. నా జేబులో ఆ ఇంటి తాళం చెవి ఉంది కదా.

సమాధుల తోట ఊరికి అర కిలోమీటరు అవతల, పైన్ చెట్ల కింద. అక్కడ నేను అసలు ఊహించనిది చూశాను. ఊళ్లో గోడలు కూలుతుంటే ఇక్కడ కంచెలు మెరుస్తున్నాయి. నీలం, వెండి, ఆకుపచ్చ. కొత్త ప్లాస్టిక్ పువ్వులు, సమాధుల మీద చాక్లెట్లు, ఒక చోట చిన్న గ్లాసు మీద రొట్టె ముక్క మూసి ఉంది. మాకంటే ముందు వారంలోనే ఎవరో వచ్చి వెళ్లారు. దారి కూడా ఊళ్లో కంటే ఇక్కడే బాగా నలిగి ఉంది. ఊరు ఖాళీ అయ్యింది ఇళ్ల వరకే అన్నమాట.

మూడున్నర గంటలు పని చేశాం. తుప్పు గీకడానికే రెండు గంటలు. పాత రంగు పొరలు నాలుగైదున్నాయి, ప్రతి పొరా ఒక్కో సంవత్సరం ఎవరో వచ్చి వేసినది. చలికి రంగు చిక్కబడి సాగలేదు, డబ్బాను జాకెట్ లోపల పొట్టకు ఆనించి వెచ్చబెట్టాను. ఒక్క పూతే పడింది, వెలుతురు పోయింది. గుడ్లు పెట్టి, మిత్రుడు తనకు తెలిసిన ఒకే ఒక్క కరేలియన్ మాట అన్నాడు: 'తెర్వెహ్'. నమస్కారం అని.

రాత్రి ఇంటి ముందరి గదిలోనే పడుకున్నాం, కప్పు గట్టిగా ఉన్న వైపు. సున్నా డిగ్రీలు. పక్కనే అంత పెద్ద పొయ్యి. వెలిగించాలన్న ఆశ ఎంత పుట్టిందంటే మాటల్లో చెప్పలేను. కానీ పొగగొట్టం ఎక్కడ పగిలిందో, పక్షి ఎక్కడ గూడు పెట్టిందో తెలియదు. కార్బన్ మోనాక్సైడ్ కేసులు వార్డులో చూసిన ఇద్దరం, బుద్ధిగా వణుకుతూ పడుకున్నాం. ఒంటిగంటకు పైన ఎవరో నడుస్తున్న చప్పుడు. మిత్రుడు కూడా లేచే ఉన్నాడు, ఇద్దరం మాట్లాడలేదు. నడక ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. భయం లేదని అబద్ధం చెప్పను, అమ్మమ్మ నేర్పిన ఆంజనేయ దండకం సగందాకా చదివాను. తెల్లారి నాలుగున్నరకు వెలుగొచ్చాక చూస్తే కప్పు మీద ఊడిన రేకు. గాలికి లేచి పడుతోంది. మిత్రుడు నిచ్చెన లేకుండానే ఎక్కి దానికి రెండు మేకులు కొట్టాడు. వెనక గోడ లేని ఇంటికి కప్పు రేకు ఎందుకురా అనలేదు నేను.

వెళ్లేటప్పుడు తాళం వేశాం. సరిగ్గా పడిందో లేదో వాడు లాగి చూశాడు.

చివరి ఊరికి రాగానే సిగ్నల్ వచ్చింది. అమ్మమ్మకు వీడియో కాల్ చేసి ఫొటోలు చూపించాను. ఆవిడ ఇంటి కంటే ముందు దుంగలను చూసింది. "గంత కట్టె ఇడిశిపెట్టి పోయిన్రా? మేం దర్వాజలు, దూలాలు ఊడబీకి బండ్ల మీద ఏసుకొని ఒచ్చినం బిడ్డా. గిప్పుడు నువ్వు మాట్లాడేటి ఇంటి దర్వాజ గదే" అంది. వెనక్కి తిరిగి ఫోన్ దర్వాజ వైపు పట్టింది. చిన్నప్పటి నుంచి ఆ దర్వాజ కిందనుంచే తిరిగాను, ఎవరూ చెప్పలేదు నాకు. నేనూ అడగలేదు.

సోమవారం, మే 13 పొద్దున స్నానం చేస్తుంటే మోకాలి వెనక నల్ల చుక్క. క్లేష్. అడవిలో గంటకోసారి ఒళ్లు చూసుకున్నాం, అయినా దొరికింది. దీని మీద నూనె పొయ్యకూడదు, గోళ్లతో పీకకూడదు. మందుల షాపులో చిన్న ప్లాస్టిక్ కొక్కెం దొరుకుతుంది, అప్పుడు నాకు 150 రూబుళ్లు పడింది, దానితో మెల్లగా తిప్పుతూ తియ్యాలి. తీసి పారెయ్యకుండా తడి దూదితో సీసాలో పెట్టి ల్యాబ్‌కు ఇవ్వాలి, పరీక్ష మనకు కాదు, దానికి. అప్పుడు నాకు 1,800 రూబుళ్లు, రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల టెన్షన్‌లో పీడియాట్రిక్స్ పుస్తకం ఒక్క పేజీ తిరగలేదు. 15న మెసేజ్ వచ్చింది. మెదడువాపు వైరస్ లేదు, బొరేలియా ఉంది, లైమ్ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా. దానికి అప్పటికి టీకా లేదు. పురుగులో ఉన్నంత మాత్రాన నాలోకి వచ్చినట్టు కాదని తెలుసు, మెడిసిన్ చదువుతున్నాను కదా. అయినా ఆ రోజు చెయ్యి వణికింది. డాక్టర్ డాక్సీసైక్లిన్ రాశారు. నెల రోజులు కుట్టిన చోట ఎర్రటి వలయం వస్తుందేమో రోజూ చూసుకోమన్నారు. జూన్ 12తో నెల పూర్తయింది. ఏమీ రాలేదు.

14న, రాదోనిత్స రోజున, తాళం చెవి ఇచ్చి రావడానికి వెళ్లాం. దారిలో ఇద్దరం అనుకున్నాం, వెనక గోడ ఫొటోలు చూపించొద్దని. ముందు వైపువి, కంచెవి, కొంగవి మాత్రమే చూపించాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటి పెద్దది చేయించుకుని చూసి, "వెనక గోడ ఇంకెంత మిగిలింది?" అంది. ఆవిడకు ఏడెనిమిదేళ్లుగా తెలుసట. తెలిసే తాళం చెవి ఇచ్చింది. చెవిని తీసుకెళ్లి వంటగది తలుపు పక్కన మేకుకు తగిలించింది. కంచె ఫొటో మళ్లీ తెరిపించి, మూలల్లో రంగు అంటలేదని చూపించింది.

2024లో త్రోయిత్స పండగ జూన్ 23న. అప్పుడూ సమాధుల దగ్గరికి వెళ్తారు. రెండో పూత అప్పుడట. ఈసారి గడ్డి నిలువెత్తు ఉంటుంది, కొడవలి కూడా తీసుకెళ్లాలి. సెలవు దరఖాస్తు నిన్ననే పెట్టాను.